ఒక్క వేలి నొప్పి

తెల్లవారుజామున ఫజర్ నమాజు అయ్యాక, పొయ్యి మీద టీ నీళ్ళు మరిగేలోపు నసీమున్నీసా తుండుగుడ్డ తెచ్చుకుని మొగుడి మంచం పక్కన కూర్చునేది. గోడవైపు తిరిగి పడుకున్న బుడాన్ కుడిచెయ్యి వెనక్కి చాచేవాడు. ఇద్దరి చేతుల మీదా ఆమె గుడ్డ కప్పేది. ఆ గుడ్డ కింద అతను చూపుడువేలు ఒక్కటే చాపేవాడు. ఆమె ఆ వేలు పట్టుకుని గట్టిగా ఒకసారి నొక్కి వదిలేది. అంతే. గుడ్డ భుజాన వేసుకుని, ఒక చెయ్యి గోడకు ఆనించి మెల్లగా లేచి, టీ వడగట్టడానికి పోయేది. బుడాన్ లేచి కూర్చుని, కాళ్ళు కింద పెట్టి, చెప్పులు వెతుక్కునేవాడు. ఆరున్నరకల్లా కోల్డ్ స్టోరేజీ గేటు దగ్గర కుర్చీలో ఉండాలి. అతను అక్కడ వాచ్‌మన్.

గుంటూరు మిర్చి యార్డు వెనక ఉన్న ఆ పేటలో ఇది వింతేమీ కాదు. యార్డులో ధర పైకి చెప్పేవాళ్ళు కారు. దలారీ, కొనేవాడు చేతులు కలిపి పైన తుండుగుడ్డ కప్పుకుని, వేళ్ళు నొక్కుకుని బేరం తేల్చుకునేవాళ్ళు. పండించిన రైతు పక్కన నిలబడి ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసుకోవాల్సిందే. అక్కడ గుడ్డ కింద మిరపకాయలు చేతులు మారినట్టే, పేటలో నొప్పి చేతులు మారేది. ఎప్పటినుంచని ఎవరూ అడగలేదు. చెయ్యి మొత్తం అంటే నొప్పి మొత్తం, ఐదు పాళ్ళు. ఎన్ని వేళ్ళు చాపితే అన్ని పాళ్ళు ఇచ్చినట్టు. గుడ్డ కింద చేతులున్నంతసేపూ మాట్లాడకూడదు. గుడ్డ తీశాక మాట మార్చకూడదు. తేడా వస్తే తీసుకునేవాళ్ళ లెక్కే లెక్క, ఇచ్చినవాడు నోరు మూసుకోవాలి. ఆరోగ్యంగా ఉన్న ఒంట్లో పడిన నొప్పి రాత్రికి చల్లారిపోతుంది. ఇచ్చినవాడి జబ్బు మాత్రం ఎక్కడికీ పోదు కాబట్టి, తెల్లారేసరికి వాడికి మళ్ళీ ఐదూ ఊరతాయి.

పక్కింటి సుబ్బరావమ్మ కూతురి కాన్పులో మూడు వేళ్ళు పుచ్చుకుని, రోజంతా అల్లుణ్ణి బూతులు తిడుతూ వీధిలో తిరిగింది. యార్డులో బస్తాలు మోసే ముఠాకు మేస్త్రీ ప్రేమదాసు ఆదివారం తాగి సోమవారం తల పట్టుకుని కూర్చుంటే మాత్రం, వాళ్ళావిడ గుడ్డ ఉతకాలంటూ లేచి వెళ్ళేది. తాగొచ్చిన తలనొప్పికి బేరగాళ్ళు దొరకరు.

బుడాన్ కూడా ముఠా మనిషే. మిరపకాయల బస్తాని యార్డులో టిక్కీ అంటారు. ఇరవై రెండేళ్ళు టిక్కీలు మోశాడు. తొంభై ఎనిమిది ఎండాకాలం, యార్డు ఎర్రగా మండిపోతున్న సీజన్లో, తొమ్మిది వరసల బస్తాల నెట్టు ఒకటి ఒరిగి మూడు టిక్కీలు అతని నడుం మీద పడ్డాయి. ఎముకలు విరగలేదు. వెన్నుపూసల మధ్య మెత్తలు నలిగిపోయాయని చెప్పి, పెద్దాసుపత్రిలో బెల్టు ఇచ్చి పంపేశారు. అప్పట్నుంచి అతను జక్రయ్య గారి చేతిలో పడ్డాడు.

జక్రయ్య గారు ఆరెంపీ డాక్టరు. పేటవాళ్ళు ఆయన బిళ్ళల్ని బట్టి సంవత్సరాలు గుర్తుపెట్టుకునేవాళ్ళు. ఏపీసీ బిళ్ళ రోజుల్లో మా పెళ్ళయిందనీ, అనాల్జిన్ సూది వచ్చిన ఏడు మా పెద్దాడు పుట్టాడనీ చెప్పుకునేవాళ్ళు. ఏపీసీ కిడ్నీలకు మంచిది కాదని పైనుంచి ఆర్డరొచ్చి ఆగిపోయింది. తర్వాత కీళ్ళకని ఇంకో బిళ్ళ వచ్చింది, కొన్నాళ్ళకు అదీ కనపడకుండా పోయింది. తొంభైల్లో డైక్లోఫెనాక్ వచ్చింది. బిళ్ళగా వచ్చింది, సూదిగా వచ్చింది, రాసుకునే పూతగా వచ్చింది. పశువులకు కూడా అదే పొడిచేవాళ్ళు. ఏ మందొచ్చినా జక్రయ్య గారు ఒకే మాటతో దాన్ని చేతిలో పెట్టేవాడు. "ఇది కొత్తది. దీంతో ఏ ఇబ్బందీ లేదు." ఆయన చెడ్డవాడేం కాదు. ఆ మాట ఆయన మనస్ఫూర్తిగా నమ్మేవాడు. తన మోకాళ్ళకు తనూ అవే మింగేవాడు.

ఏడాదిపాటు బుడాన్ రోజుకు మూడేసి బిళ్ళలు మింగాడు. ఒకరోజు దొడ్డికి తారులాగా నల్లగా వెళ్ళి, పాయిఖానా గుమ్మంలోనే పడిపోయాడు. కడుపులో పుండ్లు పడి రక్తం పోతోందన్నారు. రక్తం ఎక్కించి బతికించి, "ఇక జన్మలో నొప్పి బిళ్ళ ముట్టుకోవద్దు" అని రాసి పంపించారు.

అప్పుడు తెలిసింది అతనికి నొప్పంటే ఏమిటో. పొద్దున సలుపు, మధ్యాహ్నానికి పోటు, సాయంత్రానికి కాళ్ళలోకి దిగే తీపులు. మధ్యమధ్యలో నడుం నుంచి మడమ దాకా జివ్వుమని లాగేది. అలా లాగినప్పుడు ఒంటేలు ఆగేది కాదు. నలభై కిలోల టిక్కీని నవ్వుతూ ఎత్తుకున్న మనిషి దుప్పటి నోట్లో కుక్కుకుని ఏడ్చేవాడు. ఒక మధ్యాహ్నం, బడినుంచి వచ్చిన పదేళ్ళ కూతురు షమాను దగ్గరకు పిలిచి, పత్తి చేలో కొట్టే పురుగుమందు ఏ కొట్లో అమ్ముతారమ్మా అని అడిగాడు. పిల్ల పుస్తకాల సంచీ కింద పెట్టి, తల్లి పనిచేసే కోల్డ్ స్టోరేజీకి పరిగెత్తింది.

నసీమున్నీసా అక్కడ మిరపకాయల తొడిమలు తీసేది. రాశి ముందు పొద్దున కూర్చుంటే చీకటిపడే దాకా నేలమీదే. చేతుల మంట కూడా కడుక్కోకుండా వచ్చి, దండెం మీది తుండుగుడ్డ లాగింది.

"నాకివ్వండి."

"నీకెందుకే ఈ పీడ?"

"నాకిస్తారా, పిల్లని మందుకొట్టుకి పంపిస్తారా?"

బుడాన్ సిగ్గుతో చచ్చిపోయాడు. ఆడదానికి నొప్పిచ్చి తను సుఖపడటమా అనుకున్నాడు. కానీ ఆ పూట అతనికి సిగ్గు కంటే నడుం ఎక్కువైంది. గుడ్డ కింద, ఐదింట్లో ఒక్క పాలు చాలనుకుని, చూపుడువేలు ఒక్కటే చాపాడు. ఆమె పట్టుకుని నొక్కింది. నొక్కీ నొక్కగానే ఆమె పెదాలు తెల్లబడ్డాయి. కాసేపు నేలకేసి చూస్తూ అలాగే కూర్చుంది. బుడాన్ ఆ రోజు గుమ్మం దాకా నడిచాడు. వారానికి వీధి చివరిదాకా నడిచాడు. నెలకల్లా ప్రేమదాసు మాట సాయంతో వాచ్‌మన్ కుర్చీ దొరికింది.

ఒక్క వేలు తగ్గితేనే ఇంత సుఖంగా ఉందే అని అతనికే ఆశ్చర్యం. ఆశ్చర్యం గర్వంలోకి తిరగడానికి ఎంతోసేపు పట్టలేదు. టీ కొట్టు దగ్గర ముఠావాళ్ళ ముందు చెప్పుకునేవాడు. "దానికి ఒక్కటే ఇచ్చా. నాలుగు పాళ్ళు నేనే మోస్తన్నా. మోతగాడి నడుంరా ఇది!" వాళ్ళు నిజమేనని తలలాడించేవాళ్ళు.

ఏళ్ళు గడిచేకొద్దీ నసీమున్నీసాకు లేవాలన్నా కూర్చోవాలన్నా గోడ కావాల్సొచ్చింది. అన్నం వడ్డించేటప్పుడు మూలిగేది. అప్పుడు బుడాన్‌కు చిరాకొచ్చేది. "ఆ మాత్రానికే అలా అయిపోతావేంటే? మిగతాదంతా ఎవరు మోస్తన్నారు?" అనేవాడు. ఆమె అతనికేసి ఒకసారి చూసి, గిన్నెలోకి గరిటె పెట్టేది. ఆ చూపు గురించి అతను తర్వాత చాలాసార్లు ఆలోచించాడు. అప్పుడు మాత్రం ఆలోచించలేదు. కూరలో ఉప్పు తక్కువైందని అన్నాడు.

రెండువేల ఆరులో, చలి తగ్గే రోజుల్లో ఆమె మొహం ఉబ్బింది. నిద్ర ఎక్కువై అనుకున్నారు. తర్వాత పాదాలు ఉబ్బాయి, వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయేది. తొడిమలు తీస్తూ రాశి మీదే వాంతి చేసుకుంటే, ప్రేమదాసు ఆటో మాట్లాడి ఆసుపత్రికి పంపించాడు. అక్కడ డాక్టరమ్మ కాగితాలు చూసి తలెత్తింది.

"నొప్పి బిళ్ళలు ఎన్నేళ్ళ నుంచి వాడుతోందండీ?"

"మా ఆవిడా? బిళ్ళలు మింగేది నేనండీ. అదీ ఎప్పుడో మానేశా" అన్నాడు బుడాన్.

వెనక నిలబడ్డ షమా తల వంచుకుని ఇంటికి పోయింది. బియ్యం డబ్బా వెనకనుంచి పాత పాలపిండి డబ్బా ఒకటి తెచ్చి బల్ల మీద బోర్లించింది. ఖాళీ బిళ్ళల అట్టలు. బల్లంతా నిండి కిందికి రాలాయి. ఏడేళ్ళుగా జక్రయ్య గారి దగ్గర తెచ్చుకున్న అట్టలు. పారేస్తే ఎవరైనా చూస్తారని దాచిపెట్టింది నసీమున్నీసా.

"రెండు కిడ్నీలూ పోయాయి. ఇవే తినేశాయి" అంది డాక్టరమ్మ.

ఆ సాయంత్రం వార్డులో, మంచం కిందున్న బకెట్టు పక్కకు జరిపి బుడాన్ నేలమీద కూర్చున్నాడు. అతనికి కోపంగానే ఉంది. "ఒక్క వేలు నొప్పికి అన్ని బిళ్ళలెందుకు మింగావే?"

నసీమున్నీసా కళ్ళు మూసుకునే నవ్వింది. "ఒక్కటి కాదండీ. నాలుగు."

ఆమె మెల్లగా చెప్పింది. దాచేపల్లిలో వాళ్ళ నాన్న ఇషాక్ పశువుల దలారీ. ఆయన తువాలు అంచు పట్టుకుని పెరిగింది తను. ఆ సంతలో లెక్క వేరు. అక్కడ అమ్మేవాడు చాపిన వేలంటే తన దగ్గర ఉంచుకునేది. చాపకుండా ముడిచిన వేళ్ళన్నీ కొనేవాడివి.

"మీరు ఒక వేలు చాపారు. ఒక పాలు ఉంచుకుని నాలుగు నాకిస్తన్నారనుకున్నా. మగమనిషి అంత సిగ్గు విడిచి ఇస్తన్నాడంటే లోపల ఎంత నరకంగా ఉందోనని పుచ్చుకున్నా."

తీసుకునేవాళ్ళ లెక్కే లెక్క. బుడాన్ అడిగాడు. "పొరపాటని నీకు ఎప్పుడు తెలిసింది?"

"నెల తిరక్కముందే. టీ కొట్టు దగ్గర నాలుగు మోస్తన్నానని మీరు గొప్పలు పోతన్నారని సుబ్బరావమ్మ వచ్చి చెప్పింది."

"మరి నాతో అనలేదేం?"

"అంటే మీరు మళ్ళీ మంచమెక్కేవారు. పిల్లని మళ్ళీ అడిగేవారు."

బుడాన్ మంచం పట్టీకి నుదురు ఆనించుకున్నాడు. ఏడేళ్ళు తను ఒక్క పాలు మోసి నాలుగని ఊరంతా చాటుకున్నాడు. నాలుగు మోసిన మనిషిని పట్టుకుని ఆ మాత్రానికేనా అన్నాడు. ఇంతకంటే నెట్టు మొత్తం మీదపడి ఆ రోజే పోయినా బాగుండేదని ఏడ్చాడు.

మర్నాటి నుంచి అతను చెయ్యి చాపలేదు. ఐదు పాళ్ళూ తిరిగొచ్చి నడుంలో కూర్చున్నాయి. వాచ్‌మన్ కుర్చీ ఇంకొకరికి పోయింది. నసీమున్నీసాకు వారానికి రెండుసార్లు మిషన్ మీద రక్తం కడిగారు. మూడు నెలలకు గుండె తట్టుకోలేదని అదీ ఆపేసి ఇంటికి పంపించారు. పంపేటప్పుడు డాక్టరమ్మ బుడాన్‌ను వరండాలోకి పిలిచింది. ఇక బిళ్ళ ఒక్కటి కూడా ఇవ్వడానికి లేదంది. చివర్లో వచ్చే బాధకు మార్ఫిన్ అని మందుంది గానీ, దానికి లైసెన్సు కావాలి, మా దగ్గర లేదు, హైదరాబాదులో అడగాలి అంది. నేలకేసి చూస్తూ అంది ఆ మాట.

అలా ఒకే గదిలో రెండు మంచాలు పడ్డాయి. ఒకదాని మీద అతని నడుం, ఒకదాని మీద ఆమె ఒళ్ళంతా. ఏడేళ్ళు నాలుగేసి పాళ్ళు మోసిన ఎముకలు ఇప్పుడు సొంతంగా నొప్పి పుట్టించుకోవడం నేర్చుకున్నాయి. దురద, వాంతులు, పిక్కలు పట్టేయడం, పక్క మీద తిరిగితే గావుకేక. ఆ కేకలకు వీధిలో ఆడుకునే పిల్లల్ని తల్లులు లోపలికి పిలుచుకునేవాళ్ళు. జక్రయ్య గారు ఒకరోజు వచ్చాడు. జేబులోంచి అట్ట తీసి, "బుడానూ, ఇది కొత్తది" అన్నాడు. తర్వాత మాట ఆయన నోట్లోంచి రాలేదు. అట్ట మళ్ళీ జేబులో పెట్టుకుని, కుర్చీలో కూర్చోకుండానే వెళ్ళిపోయాడు.

ఇంటికొచ్చిన పదకొండో రోజు మధ్యాహ్నం బుడాన్ కళ్ళు తెరిచేసరికి షమా తల్లి పక్కన కూర్చుని ఉంది. ఇద్దరి చేతుల మీదా తుండుగుడ్డ ఉంది.

"ఏం చేస్తన్నావే?" అరిచాడు.

"నువ్వూరుకో నాన్నా. అమ్మ ఒప్పుకోవట్లా. రోజూ అడుగుతన్నా. రోజూ పిడికిలి బిగిస్తంది." షమా ముక్కు తుడుచుకుంది. "పిడికిలంటే ఏమీ ఇవ్వనని. ఒక్క వేలు చాపినా చాలు, తీసేసుకుందును."

షమాకు పద్దెనిమిదేళ్ళు. ఈ సీజన్లో తనూ తొడిమల పనిలో కూర్చుంటోంది. బుడాన్ ఆ పిల్ల నడుంకేసి చూశాడు. తల్లి మగతలో ఉండగా ఎప్పుడో ఒక వేలు జారుతుంది. పిల్ల పట్టేసుకుంటుంది. తర్వాత జక్రయ్య గారి గుమ్మం ఎక్కుతుంది, లేదా ఆయన తర్వాతివాడి గుమ్మం. బియ్యం డబ్బా వెనక ఇంకో డబ్బా చేరుతుంది. ఎక్కడికో పోయి వెతకాల్సిన మందేదీ లేదు. ఉన్నది ఈ గుడ్డ, మూడు చేతులు.

పిడికిలంటే ఏమీ ఇవ్వనని. యార్డులో అంతే. కానీ దాచేపల్లి సంతలో?

మంచం మీంచి జారి, నేలమీద మోచేతులతో పాక్కుంటూ వచ్చాడు. "నువ్ లే. అవతలికి పో" అన్నాడు కూతురితో.

నసీమున్నీసా కళ్ళు తెరిచింది. "మీకు అసలే ఇవ్వను. మీ నడుం మీకు చాలదా?"

"ఇవ్వొద్దులే. ఊరికే చెయ్యి పట్టుకుంటా."

గుడ్డ కప్పాడు. ఆమె అతన్ని నమ్మలేదు. చప్పున పిడికిలి బిగించింది, నీరుపట్టిన వేళ్ళు బిగిసినంత మేర. బుడాన్ ఆ పిడికిలిని తన అరచేతిలోకి తీసుకున్నాడు. ఎన్నడూ ప్రేమగా తలుచుకోని మామగారిని తలుచుకున్నాడు. చాపిన వేలు ఒక్కటి కూడా లేదు, అంటే ఉంచుకున్నది ఏమీ లేదు, అంతా కొనేవాడిదే అనుకుని నొక్కాడు.

మొదట చేతికొచ్చింది. మోచేతి దాకా మిరపరాశిలో చెయ్యి పెట్టినంత మంట. అక్కడినుంచి భుజంలోకి, పక్కటెముకల్లోకి, పిక్కల్లోకి దిగి, చివరికి నడుం దగ్గర అప్పటికే ఉన్న ఐదింటి మీద కూర్చుంది. అతని నోరు తెరుచుకుంది గానీ అరుపు రాలేదు. తల ముందుకు వాలి మంచం పట్టీకి కొట్టుకుంది. గుడ్డ జారిపోయింది.

నసీమున్నీసా గట్టిగా ఊపిరి పీల్చుకుంది. కాలు ముడిచింది, చాపింది. ఇటుపక్కకు తిరిగింది. తిరిగాక తన పిడికిలి చూసుకుంది, మొగుణ్ణి చూసింది.

"ఇవ్వనన్నాగా?"

"మీ నాన్న లెక్కలో ఇచ్చావు."

ఆమెకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. "ఇది మోసం" అని ఏడ్చింది. ఏడుస్తూ ఏడుస్తూ, వెక్కిళ్ళ మధ్యలోనే నిద్రపోయింది.

తెల్లారేసరికి ఆమెకు నొప్పి మళ్ళీ ఊరింది. ఈసారి తెలివిగా ఐదు వేళ్ళూ చాపింది, సంత లెక్కలో అంతా తన దగ్గరే ఉంచుకున్నట్టు. అతను యార్డు లెక్కలో ఐదూ పుచ్చుకున్నాడు. ఎటు తిరిగినా అతనే తీసుకునేవాడు. మూడో రోజు ఆమె వాదించకుండా చెయ్యి ఇచ్చేసింది.

ఆ తర్వాత తొమ్మిది రోజులు బతికింది. ఆ తొమ్మిది రోజులూ మనిషిలా బతికింది. గోంగూర పచ్చడి అడిగి రెండు ముద్దలు తింది. గోడ అవతలనుంచి పలకరించిన సుబ్బరావమ్మతో పాత చీర సంగతేదో తీసి పోట్లాడింది. కూతుర్ని ముందు కూర్చోబెట్టుకుని, చిక్కులు తీసి, నూనె రాసి జడేసింది. "నడుం వంచే పనికి పోకు షమా. జక్రయ్య గారి దగ్గరైనా సరే, నిలబడి చేసే పనేదైనా నేర్చుకో" అంది. ఈ గుడ్డ ఇంకెప్పుడూ ముట్టుకోనని పిల్ల చేత ఒట్టు వేయించింది. అతను గుడ్డ కప్పిన పన్నెండో రోజు భోజనాల వేళ, జామకాయలు ఎక్కడ బాగుంటాయో చెబుతూ చెబుతూ ఆగిపోయింది. మాట ఆగిందనుకున్నారు, ఊపిరి ఆగింది.

ఆరోగ్యంగా ఉన్న ఒంట్లో అయితే నొప్పి రాత్రికి చల్లారుతుంది. బుడాన్ ఒళ్ళు అలాంటిది కాదు. పన్నెండు రోజులూ పుచ్చుకున్నది పుచ్చుకున్నట్టే లోపల ఉండిపోయింది. నడుం దగ్గర రెండుగా వంగిపోయాడు. మొహం ఎత్తి మనుషుల్ని చూడాలంటే గోడ పట్టుకోవాలి.

సాయంత్రం అసర్ నమాజు తర్వాత జనాజా లేచింది. మోయడానికి ముఠా అంతా వచ్చింది. బుడాన్ పాక్కుంటూ వచ్చి తల దగ్గరి కర్ర పట్టుకున్నాడు.

"ఒరేయ్, నువ్వాగరా. మేం మోస్తాం" అన్నాడు ప్రేమదాసు.

"ఒక పక్క నాకొదలండి."

బుడాన్ భుజానికెత్తుకున్నాడు. అతను వంగి ఉండేసరికి ఆ మూల కిందికి దిగి జనాజా ఒరిగింది. ప్రేమదాసు మిగతా ఇద్దరికేసి చూసి, తన నడుం వంచాడు. వాళ్ళూ వంచారు. జనాజా చదునైంది. నలుగురూ అలాగే వంగి, మిరప ఘాటుకు దగ్గుకుంటూ, యార్డు పక్క రోడ్డు మీద కబరస్తాన్ దాకా నడిచారు.